చిన్న తప్పు ఎవరికి చిన్నది? (కోర్టు మెట్ల మీద – 6వ భాగం)



పోయిన భాగం చదివి లా మూడో సంవత్సరం చదివే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, విచారణలో జరిగే ప్రతి చిన్న పొరపాటుకీ పై కోర్టు తీర్పు కొట్టేస్తూ పోతే ఒక్క కేసూ నిలబడదు కదా. అందుకే సీఆర్‌పీసీలో 465 పెట్టారు. దాంతో మనకేం గొడవ?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు, రాస్తానన్నాను. ఈ భాగం అతనికే.

ముందు ఆ సెక్షన్ ఏమంటుందో చూద్దాం. విచారణకు ముందు గానీ, విచారణలో గానీ, సమన్లలో, వారంట్లలో, ఉత్తర్వుల్లో, ప్రాసిక్యూషన్ అనుమతిలో ఏదైనా తప్పు దొర్లిందనుకోండి. ఆ ఒక్క కారణం మీద పై కోర్టు తీర్పు తిరగెయ్యకూడదు. ఆ తప్పు వల్ల నిజంగా న్యాయం దెబ్బతింటేనే తిరగెయ్యాలి. దెబ్బతిందా లేదా అని చూసేటప్పుడు, ఈ అభ్యంతరం ముందే చెప్పగలిగి ఉండీ ఎందుకు చెప్పలేదని కూడా అడగాలి. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇది 511 అయింది. నంబరు మారింది, సారం అదే.

కాగితం మీద దీనికి వంక పెట్టలేం. నేనూ పెట్టను. నా తగువంతా "నిజంగా న్యాయం దెబ్బతింటే" అన్న ముక్కతోనే. ఎవరికి దెబ్బ తగిలితే న్యాయం దెబ్బతిన్నట్టు? కొలిచేది ఎవరు?

మా వైపు ఒక పెద్దమ్మ ఉంది. ఊరి పేరు, మనిషి పేరు వద్దు, ఇంకా అక్కడే బతకాలి. మిరపకాయ కోతకెళ్ళి, మూడు వారాల కూలి బాకీ అడిగినందుకు ఆసామి నడిబజార్లో కులం పేరు పెట్టి తిట్టి, చేతికర్రతో కొట్టాడు. మోచెయ్యి విరిగింది. అట్రాసిటీ కేసు కట్టించడానికి మేం స్టేషన్ ముందు రెండు రోజులు కూర్చున్నాం. కట్టారు. ఏడేళ్ళు నడిచింది. స్పెషల్ కోర్టు శిక్ష వేసింది. ఆ రోజు పెద్దమ్మ మాకందరికీ సోడా తాగించింది.

పై కోర్టులో అట్రాసిటీ సెక్షన్ ఎగిరిపోయింది. దెబ్బలు అబద్ధమని కాదు, తిట్లు అబద్ధమనీ కాదు. సాక్షుల వాంగ్మూలాలు ఎస్సై రాశాడట. డీఎస్పీ స్వయంగా రాయాల్సింది, ఆయన చివర్లో వచ్చి సంతకం పెట్టాడట. కాబట్టి ఆ చట్టం కింద దర్యాప్తు చెల్లదు. కర్రతో కొట్టిన సెక్షన్ మాత్రం ఉంచి, అప్పటికి జైల్లో గడిపిన రోజులు చాలని, జరిమానా కట్టించి ఆసామిని ఇంటికి పంపారు.

నేను వెళ్ళి చెప్పాను. పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది. "ఎస్సై తప్పు రాస్తే ఎస్సైనిగదా నాయనా శిక్షించాల్సింది, నా కేసెందుకు తీసేశారు?"

లా పుస్తకాల్లో దీనికి జవాబు వెతికాను. వెతికితే కనబడింది ఇది.

1954 డిసెంబరు. సుప్రీంకోర్టులో హెచ్.ఎన్. రిష్బుద్ కేసు. అవినీతి కేసు. 1947 నాటి అవినీతి నిరోధక చట్టం ప్రకారం, మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా డీఎస్పీ కంటే కింది హోదా అధికారి దర్యాప్తు చెయ్యకూడదు. కింది అధికారులు చేశారు. కోర్టు ఏమంది? నిబంధన తప్పనిసరి, దాన్ని మీరడం చట్టవిరుద్ధమే, అయినా ఆ ఒక్కదానితో విచారణ చెడిపోదు, దానివల్ల న్యాయం తప్పిపోయిందని చూపించాలి అంది. ఇంకో మాట కూడా చెప్పింది. తప్పు ముందుగానే కోర్టు దృష్టికొస్తే, తగిన అధికారితో మళ్ళీ దర్యాప్తు చేయించి సరిచెయ్యాలి అని. లా కాలేజీల్లో ఈ తీర్పు చెప్పని మాస్టారు ఉండరు.

2009 ఏప్రిల్. అదే సుప్రీంకోర్టు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ చున్నీలాల్. ఈసారి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 1995 రూల్స్‌లో 7వ రూలు ప్రకారం దర్యాప్తు అధికారి డీఎస్పీకి తగ్గకూడదు. కింది అధికారి చేశాడు. ఇక్కడ కోర్టు ఏమంది? 3వ సెక్షన్ నేరాల మీద ఆ దర్యాప్తు చెల్లదు, ఐపీసీ సెక్షన్ల వరకు కేసు నడుపుకోండి అంది. డీఎస్పీతో మళ్ళీ దర్యాప్తు చేయించండి అనే మాట, యాభై ఐదేళ్ళ కిందట రిష్బుద్‌లో చెప్పిన మాట, ఇక్కడ రాలేదు.

రెండు చోట్లా హోదా డీఎస్పీయే. రెండు చోట్లా తప్పు పోలీసుదే. లంచం కేసులో అది మందు వేస్తే మానే పుండు. మన కేసులో కాలే తీసెయ్యాల్సిన పుండు. తీసేశాక మిగిలేదేంటో చూడండి. దెబ్బలు మిగులుతాయి, కులం రాలిపోతుంది. ఎవడో ఎవర్నో కర్రతో కొట్టాడు, అంతే. ఎందుకు కొట్టాడో రికార్డులో ఉండదు. 1989లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసిందే ఆ 'ఎందుకు' కోసం.

దీనికి పెద్ద వకీళ్ళ దగ్గర ఒక జవాబు రెడీగా ఉంటుంది. "కఠినమైన చట్టం కాబట్టి నిబంధనలూ కఠినంగా పాటించాలి, అది నిందితుడికి రక్షణ" అని. 7వ రూలు ఒకసారి పూర్తిగా చదవండి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. ఆ డీఎస్పీని నియమించేటప్పుడు అతని అనుభవం చూడాలి, కేసు లోతు అర్థం చేసుకునే సామర్థ్యం, న్యాయదృష్టి ఉన్నాయా అని చూడాలి, సరైన దారిలో త్వరగా దర్యాప్తు ముగించేవాడై ఉండాలి అంటుంది. ఇది ఎవరి కోసం రాసిన మాట? స్టేషన్ ఎస్సై పండక్కి భోజనం చేసేది ఆసామి ఇంట్లోనే. ఎస్సై బదిలీ ఆగేది, కదిలేది ఆ ఇంటి నుంచి వెళ్ళే ఫోన్‌తోనే. ఊరి ఒత్తిడి అందని ఎత్తులో ఉండే అధికారి కావాలని బాధితుల కోసం పెట్టుకున్న రూలు అది. మన గుమ్మానికి మనం పెట్టించుకున్న తాళం. దాని చెవి తీసుకెళ్ళి నిందితుడి చేతిలో పెట్టారు.

ఇంకో చిన్న విషయం. 465లో రెండో భాగం గుర్తుందా, అభ్యంతరం ముందే ఎందుకు చెప్పలేదని అడగాలన్నది. పెద్దమ్మ కేసులో ఆసామికి మొదటి రోజు నుంచీ జిల్లాలో పేరున్న వకీలు ఉన్నాడు. వాంగ్మూలాల కింద ఎవరి సంతకం ఉందో చార్జిషీటు కాపీ అందిన రోజే ఆయనకు తెలుసు. ఏడేళ్ళు జేబులో పెట్టుకుని అప్పీలులో తీశాడు. ఎందుకు దాచావయ్యా అని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న అడిగేది ఎవర్నో కింద చెబుతాను.

దానికి ముందు కమిటల్ సంగతి. ఇది మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసుతోనే మొదలైంది కాబట్టి తెలిసి ఉండాలి. అట్రాసిటీ కేసుల్లో పోలీసులు చార్జిషీటు నేరుగా స్పెషల్ కోర్టులో వేసేవాళ్ళు. 2000లో గంగుల అశోక్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు, అలా కుదరదు, ముందు మెజిస్ట్రేట్ దగ్గర వేసి, ఆయన కమిట్ చేస్తేనే స్పెషల్ కోర్టు తీసుకోవాలి అంది. సరే. మరి అప్పటికే విచారణ అయిపోయి శిక్షలు పడిన కేసుల మాటేంటి? 2001లో భూరాజీ కేసులో, కమిటల్ లేనంత మాత్రాన న్యాయం దెబ్బతిన్నట్టు కాదు, మళ్ళీ మొదట్నుంచి విచారణ అక్కర్లేదు అన్నారు. బాగానే ఉంది కదా. 2003లో విద్యాధరన్, 2004లో మోలీ, రెండూ కేరళ కేసులు. వాటిలో దీనికి ఎదురుగా తీర్పులొచ్చాయి. శిక్షలు రద్దు, మళ్ళీ మెజిస్ట్రేట్ దగ్గర్నుంచి మొదలెట్టమన్నారు. ఏది సరైందో తేల్చడానికి 2012 ఫిబ్రవరి దాకా పట్టింది. రత్తిరాం కేసులో ముగ్గురు జడ్జీల బెంచి, భూరాజీయే సరైంది అంది. బాధితులు విచారణలో విడదీయరాని భాగస్వాములు అన్న మాట కూడా ఆ తీర్పులో ఉంది, దాచి పెట్టుకోండి, పనికొస్తుంది.

2001 నుంచి 2012. పదకొండేళ్ళు. మెజిస్ట్రేట్ తన టేబుల్ మీద నుంచి ఫైలు పక్క కోర్టుకు పంపాడా లేదా అన్నదాని మీద. కమిటల్ అంటే ఈ రోజుల్లో అంతకు మించి ఏమీ లేదు, ఏ కోర్టు గుమాస్తానైనా అడగండి. ఆ పదకొండేళ్ళలో వెనక్కి పోయిన ప్రతి కేసులోనూ సాక్షులు అదే ఊళ్ళో, అదే ఆసామి పొలానికి కూలికి పోతూ, రెండోసారి సాక్ష్యం చెప్పడానికి ఎదురుచూశారు. మొదటిసారి చెప్పినందుకే పని మానిపించిన వాళ్ళను రెండోసారి చెప్పమంటే ఏమవుతుంది? 'రాజీ' అనే మాట రికార్డులోకి ఎక్కేది ఇక్కడే. 2015 సవరణలో, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చినదాంట్లో, స్పెషల్ కోర్టే నేరుగా కేసు తీసుకోవచ్చని రాయించుకున్నాం. అది కోర్టులు ఇచ్చింది కాదు. ఉద్యమం అడిగి తెచ్చుకుంది.

ఇప్పుడు గుంటూరుకు రండి. క్రిమినల్ లా చదివిన ప్రతివాడూ పులుకూరి కోటయ్య పేరు వినే ఉంటాడు. ఎవిడెన్స్ యాక్ట్ 27వ సెక్షన్ కోసం బట్టీ పట్టి ఉంటాడు. ఆ కేసు గుంటూరు సెషన్స్ కోర్టులో పుట్టింది, తొమ్మిది మంది అప్పీలుదార్లు, వాళ్ళలో ఉరిశిక్ష పడినవాళ్ళున్నారు, లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. దాంట్లో 27 ఒక్కటే కాదు, మన విషయం కూడా ఉంది. సాక్షులు పోలీసుకు చెప్పింది రాసుకున్న నోట్‌బుక్ ముద్దాయిలకు వేళకు అందలేదు. అయినా ప్రివీ కౌన్సిల్, మొత్తం మీద విచారణ చట్టం చెప్పిన పద్ధతిలోనే నడిచినప్పుడు మధ్యలో దొర్లిన క్రమం తప్పిన పనిని పాత కోడ్ 537 సెక్షన్ కింద సరిపెట్టుకోవచ్చు అంది. 465కి తాత ఈ 537. కొసాకి గుంటూరు కేసు మీదే దేశమంతా ఆ సూత్రం నేర్చుకుంది.

అదే గుంటూరు జిల్లాలో 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మందిని నరికి, గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. పదహారేళ్ళకు, 2007 జులై 31న, చుండూరులోనే పెట్టిన స్పెషల్ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. చనిపోయిన సమయం, చోటు, ఎవరు ఎవర్ని కొట్టారు అన్నవి ప్రాసిక్యూషన్ కచ్చితంగా నిరూపించలేదని. అప్పీలు సుప్రీంకోర్టుకు పోయింది.

ఒక తేడా ఒప్పుకోవాలి. చుండూరు తీర్పు 465 కింద ఇచ్చింది కాదు, సాక్ష్యాల బలం మీద ఇచ్చింది. లా పరీక్షలో రెండూ కలిపి రాస్తే మార్కులు పోతాయి. కానీ చూసే చూపు ఒకటేనా కాదా చెప్పండి. 1983లోనే భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు, సాక్షి జ్ఞాపకం రికార్డు చేసిన టేపు లాంటిది కాదు, సమయం గురించి మనుషులు అంచనాగానే చెప్పగలరు, చిన్న తేడాలను పెద్దవి చెయ్యొద్దు అని వివరంగా రాసింది. పోలీసులే ముందుండి 'పారిపోండి' అన్నాక పొలాలకు అడ్డంపడి పరిగెత్తిన మనుషులు గడియారం చూసుకున్నారా? ఏళ్ళ తరబడి గడిచాక బోనెక్కి, ఏ గట్టు మీద, ఎన్ని గంటలకు, ఏ చెయ్యి అని అడిగితే తేడా రాకపోతే అనుమానించాలి గానీ, వస్తే అనుమానిస్తారా? తేడా వస్తే అబద్ధం, రాకపోతే నేర్పిన పాఠం. మాల మాదిగ సాక్షికి మూడో దారి లేదు.

ఇంతవరకూ చదివి "అయితే సాంకేతిక కారణాలతో విడిచిపెట్టడం పూర్తిగా ఆపెయ్యాలి" అని ఎవరైనా అనుకుంటే, ఆగండి. నేను అక్కడికి రావట్లేదు. మన పిల్లలు ఫిర్యాదుదారులుగా ఎంతమంది కోర్టుకెళ్తారో, ముద్దాయిలుగా అంతకంటే తక్కువేం వెళ్ళరు. దొంగతనం కేసులు, గంజాయి కేసులు, ఊరేగింపులో పోలీసు మీద రాయి పడిన కేసులు. అక్కడ 465 ఇంకో మొహం చూపిస్తుంది.

313 స్టేట్‌మెంట్ అని ఒకటుంది. ముద్దాయికి వ్యతిరేకంగా వచ్చిన ప్రతి సాక్ష్యాన్నీ జడ్జి అతని ముందు పెట్టి, నువ్వేమంటావని అడగాలి. ముద్దాయి తన గొంతుతో మాట్లాడే ముఖ్యమైన సందర్భం అది. నేను కోర్టు హాళ్ళలో కూర్చుని చూసింది చెబుతాను. ఆరుగురు సాక్షులు చెప్పిందంతా ఒకే ప్రశ్నగా చేసి గబగబా చదువుతారు. కుర్రాడు లాయరు మొహం చూస్తాడు. లాయరు తల అడ్డంగా ఊపుతాడు. "అబద్ధమండి." టైపు అయిపోతుంది. అసలు ముఖ్యమైన సాక్ష్యం ఆ ప్రశ్నలో ఉండనే ఉండదు. అప్పీలులో ఇది చెబితే 1973 నాటి శివాజీ సాహెబ్‌రావ్ బోబడే తీర్పు తీస్తారు. ప్రశ్న అడగకపోయినంత మాత్రాన విచారణ చెడదు, దానివల్ల నీకేం నష్టం జరిగిందో చూపించు, అని. అప్పుడు వస్తుంది ఆ ప్రశ్న, ఆసామి వకీలును ఎవరూ అడగనిది: "ట్రయల్ కోర్టులోనే ఈ అభ్యంతరం ఎందుకు పెట్టలేదు?"

ఎవరు పెడతారయ్యా? లీగల్ ఎయిడ్ లాయరు ఫైలు చూసింది ఆ ఉదయమే.

నష్టం చూపించు అనడం ఎంత అన్యాయమో తెలియాలంటే ఢిల్లీ బస్సు పేలుడు కేసు చదవండి. 1997 నాటి పేలుడు. ముద్దాయి పరాయి దేశస్తుడు, పేదవాడు. చాలామంది సాక్షుల్ని అతనికి లాయరు లేకుండానే విచారించారు. కింది కోర్టు ఉరి వేసింది, హైకోర్టు ఖరారు చేసింది. రెండు కోర్టులకూ అది పెద్ద తప్పుగా కనబడలేదు. 2012లో సుప్రీంకోర్టు, లాయరు లేకుండా జరిగింది విచారణే కాదంటూ మళ్ళీ విచారించమంది. మళ్ళీ విచారణలో, లాయరు పక్కనుండగా, 2013లో నిర్దోషి అని తేలింది. అదే సాక్ష్యం, అదే మనిషి. మధ్యలో తేడా ఒక్క లాయరు. ఆ లాయరు లేకపోవడం హైకోర్టు దాకా 'చిన్న తప్పు'.

అమెరికాలో 1967 చాప్‌మన్ తీర్పులో బరువు అటువైపు పెట్టారు. రాజ్యాంగ హక్కును మీరిన తప్పు జరిగితే, అది తీర్పును మార్చలేదని సందేహం లేకుండా ప్రభుత్వమే నిరూపించుకోవాలి. అక్కడి నల్లజాతి ఖైదీలకు దీనితో స్వర్గం దొరికిందని కాదు, వాళ్ళ జైళ్ళు చూస్తూనే ఉన్నాం. కానీ తప్పు చేసినవాడే సంజాయిషీ చెప్పుకోవాలన్న ఆ మాత్రం ఇంగితం మన సూత్రంలో లేదు. ఇక్కడ కాలు తొక్కించుకున్నవాడే నొప్పి నిరూపించాలి.

కాబట్టి తమ్ముడూ, నువ్వడిగినదానికి నా జవాబు ఇది. 465 ఉండాలి. కానీ తప్పు ఎవరిదో ముందు తేల్చి, భారం వాళ్ళ మీదే వెయ్యాలి. పోలీసు తప్పు చేస్తే, సరిచేయించే ఖర్చు ప్రభుత్వానిది. డీఎస్పీ చెయ్యాల్సింది ఎస్సై చేస్తే, డీఎస్పీతో మళ్ళీ చేయించు, అక్కడి నుంచి విచారణ నడుపు, నిర్లక్ష్యం చేసిన అధికారి మీద 4వ సెక్షన్ కింద చర్య తీసుకో. ఆ సెక్షన్ చట్టంలో ఉంది, ఎక్కడో అటక మీద. కేసు తీసెయ్యడం సరిచెయ్యడం కాదు. బాధితుల వైపు నుంచి కూడా న్యాయం దెబ్బతినొచ్చని, వాళ్ళ కోసమూ మళ్ళీ విచారణ చేయించొచ్చని 2004 బెస్ట్ బేకరీ తీర్పులో సుప్రీంకోర్టు చేసి చూపించింది. రాష్ట్రం కూడా మార్చింది. ఒకసారి చేసినది మా పల్లెల కేసుల్లో చెయ్యరాదా? ఇక ముద్దాయి పేదవాడై, లాయరు లేకుండానో, పేరుకు లాయరుతోనో విచారణ నడిస్తే, నష్టం జరిగిందనే మొదలుపెట్టాలి. జరగలేదని ప్రభుత్వం చూపించుకోవాలి.

ఇది ఫిర్యాదుదారుకి ఒకటి, ముద్దాయికి ఒకటి రెండు నాలుకల మాట అంటారని తెలుసు. కాదు. రెండు చోట్లా నేనడిగేది ఒకటే: తప్పు చేసిన ప్రభుత్వం తన తప్పును బలహీనుడి నెత్తిన రుద్దకూడదు.

అట్రాసిటీ కేసుల్లో తిరిగే మిత్రులకు ఒక పని. ఎఫ్ఐఆర్ అయిన వారంలోపే, దర్యాప్తు అధికారిగా డీఎస్పీని నియమించిన ఉత్తర్వు కాపీ రాతపూర్వకంగా అడగండి. వాంగ్మూలాలు ఎవరు రాస్తున్నారో అక్కడే ఉండి చూడండి. ఎస్సై రాస్తుంటే ఎస్పీకి ఆ రోజే కాగితం పెట్టి, రసీదు తీసుకోండి. ఇది మన పని కాదు, నాకూ తెలుసు. పెద్దమ్మ కేసులో అది పోలీసు పని అనుకుని ఊరుకున్నాను. స్టేషన్ బయట వేపచెట్టు కింద కూర్చుని, లోపల ఎస్సై రాస్తుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

మొన్న మిరపకోతలప్పుడు కనబడింది పెద్దమ్మ. ఆ ఆసామి పొలానికి కాదు, పక్కూరు పోతోంది, ఆటోకి రానూపోనూ కూలిలో నాలుగోవంతు పోతుందట. చెయ్యి పూర్తిగా చాపలేదు. "ఆ డీఎస్పీ ఉన్నాడా నాయనా ఇంకా?" అని అడిగింది. ప్రమోషన్ మీద వెళ్ళాడని చెప్పాను.

(7వ భాగంలో: సాక్షులకు ఇవ్వాల్సిన బత్తా, దారి ఖర్చులు ఎవరి జేబులో ఆగుతున్నాయి.)